నక్క మామకు పోలె

యాకమ్మ పాకం పట్టిన రోజు మానుకోట స్టేషన్లో రైలు రెండు నిమిషాలు ఎక్కువ ఆగుతుంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా వాసన పీలుస్తాడు, సిగ్నలు పచ్చగా మారినా కదలడు. యాకమ్మ పొయ్యి ఉన్నది రఘునాథపల్లిలో కదా, ఆ వాసన మానుకోట దాకా ఎట్లా వెళ్లిందని అడిగేవాళ్లు ఆమె చేతి గరిజె ఎన్నడూ తిననివాళ్లు. రెండు దేశాలు కొట్లాడుకుంటుంటే సరిహద్దు మీద ఆమెను, ఆమె కడాయిని దింపితే చాలు. పొద్దుగూకే సరికి రెండు సైన్యాలూ ఒకే బంతిలో కూర్చుని మూతులు తుడుచుకుంటుంటాయి.

ఇందులో అబద్ధం ఒక చిటికెడు ఉంటే ఉండొచ్చు. అలిగినవాళ్లను ఆమె తీపితో దారికి తెస్తుందన్న సంగతి మాత్రం నిజం.

నలభై ఏళ్లుగా యాకమ్మ పెళ్లిళ్లకు, తొట్టెల పండుగలకు తీపి వంటలు చేస్తున్నది. మనిషి పొట్టి. కడాయిలో గరిటె తిప్పాలంటే పీట ఎక్కాలి. పీట ఎక్కిందంటే ఆ ఇంటి పెద్ద కూడా ఆమెకు లోకువే. చక్కెర జబ్బు ఉందని, తీపి తినొద్దని దవాఖానలో చెప్పి ఆరేళ్లయింది. ఆమె ఆ మాట తప్పలేదు. తినదు, ఉత్తగా రుచి చూస్తుంది. రోజుకు పదిసార్లు చూస్తుంది.

ఆమె అసలు పనితనం మాత్రం పాకంలో లేదు. పెళ్లన్నాక ఎవరో ఒకరు అలగకుండా ఉండరు. ఎవరి అలకకు ఏ తీపి పెట్టాలో ఆమెకు తెలుసు. కొత్తగూడలో ఒక పెళ్లికొడుకు మేనమామ తనను ముందుగా పిలవలేదని బస్సు దిగనన్నాడు. యాకమ్మ బస్సు మెట్ల దగ్గరే చిన్న పొయ్యి పెట్టి జిలేబీలు వేయడం మొదలుపెట్టింది. జిలేబి చల్లారితే జిలేబి కాదు, మామ ఆ మాత్రం తెలిసినవాడు. మూడో వాయికి దిగివచ్చాడు. కాటారంలో ఒక ముసలాయన రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంటే, ఆయన చేతిలో గట్టి నువ్వుల ముద్ద పెట్టి వచ్చింది. అది నమిలి మింగే దాకా వద్దనడానికి ఆయన నోరు ఖాళీగా లేదు. మింగాక, ఇంకొకటి ఉందా అని అడిగాడు. మనిషి గుణం చూసి తీపి పెట్టాలి, తీపి చూసి మనిషిని పిలవొద్దు అంటుంది యాకమ్మ.

అయితే ఈ రెండు మూడేళ్లుగా ఆమెను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటే భోజనాలూ తీపీ ఐస్‌క్రీమూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. పెద్ద కడాయి పెరట్లో బోర్లా పడి ఉంది. దాని మీద కోడి ఎక్కి కూర్చోవడం అలవాటు చేసుకుంది. కొడుకు ఎల్లస్వామికి తల్లి మోకాళ్ల మీద బెంగ. కడాయిని ఎవరికైనా ఇచ్చేద్దాం, ఇక నువ్వు కూర్చుని తిను అని ఏడాదిగా పోరుతున్నాడు. చివరికి తల్లీకొడుకులు ఒక మాట మీదికి వచ్చారు. ఊళ్లోనే ఉండే మహేందర్ బిడ్డ పుట్టినరోజు దగ్గరికొచ్చింది. మహేందర్ తొట్టెలకు తీపి చేసింది యాకమ్మ, అతని పెళ్లికి చేసిందీ యాకమ్మే. ఆ ఇంటి పని కూడా తనకు రాకపోతే కడాయిని ఎల్లస్వామి ఇష్టం వచ్చినవాళ్లకు ఇచ్చెయ్యొచ్చు. తను నోరెత్తదు.

యాకమ్మ నోరెత్తకుండా ఉండడమనేది ఇంట్లో ఎవరూ నమ్మలేదు, కానీ మాట మాటే.

మహేందర్ జనగామలో ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తాడు. అతని బిడ్డ కీర్తనకు ఆరో ఏడు నిండుతున్నది. తను చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీ ముందు కూర్చుని చూసిన పాత బొమ్మల సీరియల్ 'అడవి చుట్టాలు' ఇప్పుడు ఫోన్లో దొరుకుతున్నదని అతను బిడ్డకు చూపించాడు. ఇక ఆ పిల్లకు అన్నం దిగాలన్నా అదే, నిద్ర పట్టాలన్నా అదే. పుట్టినరోజుకు ఆ బొమ్మలన్నీ చుట్టాల్లా రావాలని, ఒక్కో బొమ్మకు దాని గుణానికి తగిన తీపి ఉండాలని పట్టుబట్టింది. కీర్తన తల్లి సంధ్య ఇదేదో బేకరీ వాళ్లకే చెప్పాలనుకున్నది.

ఈ సంగతి యాకమ్మ చెవిన పడింది. గుణానికి తగిన తీపి అన్న మాట వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లింటికి నడిచింది. బేకరీవాళ్లకు గుణాల సంగతేం తెలుసు, వాళ్లకు తెలిసింది రంగులు అన్నది. మహేందర్ కాదనలేక, వచ్చే ఆదివారం ఒక్కో బొమ్మకు ఒక్కో తీపి చేసి తెమ్మన్నాడు. కీర్తనకు నచ్చితే ఆర్డర్ యాకమ్మదే, నచ్చకపోతే బేకరీది.

ఆ వారం రోజులూ యాకమ్మ మనవరాలి ఫోన్ ఆమె చేతిలోనే ఉన్నది. పెళ్లిచూపులకు వెళ్లే ముందు అవతలివాళ్ల గుట్టు లాగినట్టుగా ఒక్కో బొమ్మనూ చూసింది. కథ ఆమెకు అక్కర్లేదు. ఎవరు ఎట్లా నడుస్తున్నారు, ఎవరు ఎవరి మాట వినడం లేదు, తినేటప్పుడు ఎవరి చెయ్యి ముందు లేస్తున్నది, ఇవే చూసింది. మధ్యమధ్యలో ఫోన్ను తిట్టేది. మనవరాలు నవ్వితే మనవరాలినీ తిట్టేది.

మొదటిది టింగు కుందేలు. ఒక్క చోట నిలవదు, మొదలుపెట్టిన పని ముగించదు, మాట మధ్యలోనే గెంతుతుంది. దానికి పేలాల ముద్ద అని యాకమ్మ తేల్చింది. పెనం మీద ఎగిరెగిరిపడే పేలాలను బెల్లం పాకంతో పట్టి కూర్చోబెడితే తప్ప చేతికి రావు, ఈ కుందేలూ అంతే. రెండోది బొద్దు ఎలుగుబంటి. తొందరపెడితే మాడిపోయే రకం. సన్నని సెగ మీద గంటసేపు ఉడికే పరమాన్నం దానికి. గుడ్లగూబ మాస్టారు పొద్దస్తమానం నీతులు చెప్తాడు, కొరికితే పన్ను కదులుతుంది, కానీ లోపల చేదు లేదు. ఆయనకు పల్లీ పట్టి. నెమలి నీలమ్మ తన పింఛం అంచు తనే చూసుకుని మురిసేది. మడతలు మడతలుగా అంచు మలిచిన కజ్జికాయలాంటి గరిజె ఆమెకు.

ఐదోది నక్క. పేరు జిత్తయ్య. ఈ సీరియల్లో ప్రతి కథా ఎలుగుబంటి ఇంట్లో విందుతోనే ముగుస్తుంది. ప్రతి విందుకూ జిత్తయ్య పిలవకుండానే వస్తాడు. ఒకసారి సన్యాసి వేషం, ఒకసారి గాజులమ్మే మనిషి వేషం. సరిగ్గా విస్తరి ముందు కూర్చోగానే తోక బయటపడుతుంది. అందరూ కలిసి లేపి, మోసుకెళ్లి వాగులో వేస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు, కథ అయిపోతుంది.

మొదటి నాలుగు కథలూ యాకమ్మ వరసగా చూసింది. ఐదో కథ దగ్గర ఫోన్ పక్కన పెట్టింది. "విస్తరి ముందు కూసున్నోన్ని లేపుతరా? వీళ్లేం మనుషులు?"

మనుషులు కారు, జంతువులని మనవరాలు చెప్పి చూసింది. అది ఆమె లెక్కలోకి రాలేదు. ఎన్ని కథలున్నాయని అడిగింది. నూటా నాలుగని తెలిసి, ఒక్కదాంట్లోనైనా ఆ నక్క ముద్ద నోట్లో పెట్టుకున్నదా అని అడిగింది. లేదు. నూటా నాలుగు పూటలు ఉపాసం ఉన్నవాడి గుణం ఎట్లా బాగుంటుందని ఆమె వాదన. జిత్తయ్యకు పోలె చెయ్యాలని అప్పుడే నిర్ణయించింది. పైకి చూస్తే ఉత్త రొట్టె, లోపల నిండుగా పూర్ణం. వేషం వేసుకున్న తీపి అది ఒక్కటే.

ఆదివారం నాడు ఐదు గిన్నెలతో వాళ్లింటికి వెళ్లింది. కీర్తన కాళ్లు మడుచుకుని తీర్పరిలా కూర్చున్నది. పేలాల ముద్ద కొరికి, ఇది టింగే అన్నది. పరమాన్నం తింటూ కళ్లు మూసుకుని ఎలుగులా ఊగింది. పల్లీ పట్టిని కటుక్కుమనిపించి మాస్టారిలా వేలు ఊపింది. గరిజెను అటూ ఇటూ తిప్పి, తినడానికి మనసొప్పక పక్కన పెట్టుకున్నది. మహేందర్ ముఖం విప్పారింది. అంతా అయిపోయినట్టే అనుకున్నారు.

యాకమ్మ ఐదో గిన్నె మూత తీసింది. నెయ్యి వాసన గది నిండా పరుచుకున్నది. ఇది ఎవరిదని కీర్తన అడిగింది, జిత్తయ్యదని యాకమ్మ చెప్పింది.

"నక్కకు ఏం పెట్టద్దు," అన్నది కీర్తన. "వాడు దొంగ. వాన్ని వాగుల ఎయ్యాలె."

"దొంగోడైనా ఆకలైతది బిడ్డా."

"వద్దు. నా బర్త్‌డేకు వాడు వద్దు. పెడితే కాకరకాయ పెట్టు."

సంధ్య నవ్వుతూ సర్దబోయింది, నక్కను వదిలేసి మిగిలిన నాలుగూ చెయ్యమన్నది. ఏ వంటమనిషైనా సరేననే మాట అది. కడాయి నిలవాలన్నా, కొడుకు ముందు గెలవాలన్నా తల ఒక్కసారి ఊపితే సరిపోయేది. యాకమ్మ తల అడ్డంగా ఊగింది.

"పిలిస్తే అయిదుగుర్ని పిలువుర్రి, లేకుంటే ఎవ్వర్నీ పిలువకుర్రి. ఒకని విస్తరి తీసేసిన బంతికి నేను వడ్డియ్య."

కీర్తన పెదవి బిగించింది. యాకమ్మ కూడా బిగించింది. ఆరేళ్ల పిల్లకూ అరవై ఎనిమిదేళ్ల ముసలమ్మకూ ఆ క్షణంలో తేడా ఏమీ కనబడలేదు. ఇటు సంధ్య ఫోన్లో బేకరీవాళ్లు పంపిన ఫోటోలు తెరిచింది. టింగు తలకాయ అచ్చుగుద్దినట్టు క్రీముతో, ఎర్రటి ముక్కుతో. నక్క కూడా ఉన్నాడు, అచ్చం కీర్తన తిట్టిన దొంగలా పళ్లు బయటపెట్టి. కీర్తన కళ్లు ఫోన్ మీద పడ్డాయి, మళ్లీ లేవలేదు. ఆర్డర్ బేకరీకి పోయింది. గుమ్మం దాకా వచ్చి మహేందర్, పుట్టినరోజుకు తప్పకుండా రా పెద్దమ్మా అన్నాడు.

ఇంటికి వచ్చి యాకమ్మ కొడుకుతో ఒకే మాట చెప్పింది, పుట్టినరోజు దాటిన సోమవారం కడాయి ఇచ్చెయ్యమని. ఎల్లస్వామి ఏడాదిగా కోరుకున్నది అదే. అయినా ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

పుట్టినరోజు ఆ తర్వాతి ఆదివారం. ఆ పొద్దున కోడిని తరిమి, కడాయిని తిప్పి, చింతపండుతో తోమి యాకమ్మ పొయ్యి మీద పెట్టించింది. ఆమే చెప్పింది, పిలిచిన ఇంటికి చేతులూపుకుంటూ పోతారా అని. ఐదు రకాలూ చేసింది. పోలెలు అన్నిటికన్నా ఎక్కువ చేసింది. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని ఆమె అననే లేదు. పీట మీంచి దిగేటప్పుడు మాత్రం కొడుకు భుజం పట్టుకున్నది.

సాయంత్రం మహేందర్ ఇంటి ముందు షామియానా. గేటు పక్కన 'అడవి చుట్టాలు' అందరితో కలిసి నిలబడ్డ కీర్తన ఫ్లెక్సీ. లోపల టేబుల్ మీద ఐదు కేకులు, ఐదు తలకాయలు. బేకరీవాళ్లు పనిమంతులు, వాటిలో ఒక్క వంక పెట్టడానికి లేదు. టింగు చెవులు నిక్కబొడిచి ఉన్నాయి. బొద్దు కళ్లలో నిద్ర కూడా కనిపిస్తున్నది. ఇరవై మందికి పైగా పిల్లలు టేబుల్ చుట్టూ మూగి ఒక్కో బొమ్మనూ పేరు పెట్టి పలకరించారు. కొవ్వొత్తి ఆర్పారు, పాట పాడారు. మహేందర్ బిడ్డ చేతికి ప్లాస్టిక్ కత్తి ఇచ్చి, చెయ్యి పట్టుకుని టింగు చెవి మీద పెట్టాడు.

కీర్తన చెయ్యి వెనక్కి లాక్కున్నది. టింగు చెవి కోస్తారా అని అడిగింది. అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పోనీ బొద్దును కోద్దామన్నాడు మహేందర్. ఒక పిల్లాడు గొల్లుమన్నాడు. నీలమ్మ మెడ దగ్గరికి కత్తి వెళ్లేసరికి ఇద్దరు ఆడపిల్లలు టేబుల్‌కు అడ్డంగా పడ్డారు. ఎంతైనా తండ్రి కదా, బిడ్డ మనసు తెలిసినవాడిలా చివరికి నక్క వైపు తిరిగాడు. జిత్తయ్య దొంగ కదా, వాణ్ని కోద్దామన్నాడు.

కీర్తన ఒక క్షణం ఆలోచించింది. తర్వాత వెళ్లి నక్క కేకు ముందు చేతులు చాపి నిలబడింది.

ఇక ఆ షామియానాలో ఏడవని పిల్ల లేదు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నవాళ్లు మూతులు ముడుచుకుని కూర్చున్నారు. చిప్స్ ఇస్తే విసిరికొట్టారు. కీర్తన టేబుల్ వదలదు, కత్తి పట్టుకున్న నాన్నతో మాట్లాడదు. సంధ్య పరేషాన్ అయి చెమట తుడుచుకున్నది. ఇరవై అలకలు ఒకే పందిట్లో.

మూలన కుర్చీలో కూర్చున్న యాకమ్మ లేచింది. కేకుల గురించి ఒక్క మాట అనలేదు. ఎల్లస్వామితో విస్తర్లు తెప్పించి నేల మీద బంతి పరిపించింది. టేబుల్ మీద కేకులున్న అట్టలను ఎత్తించి, ఒక్కో కేకును ఒక్కో విస్తరి ముందు పీట మీద దింపించింది. చుట్టాలు కూర్చున్నారు, ఇక వడ్డన కావాలి కదా. కుందేలు ముందు పేలాల ముద్ద పెట్టింది, ఎలుగు ముందు పరమాన్నం, మాస్టారికి పల్లీ పట్టి, నీలమ్మకు గరిజె. పిల్లల ముక్కులు ముందు లేచాయి, తర్వాత పిల్లలు లేచారు. తిండికి చుట్టాలు కూర్చుంటే పక్కన ఇంటివాళ్లు కూర్చోవాలన్న మర్యాద ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసింది. గెంతే పిల్లలు కుందేలు పక్కన చేరారు. ఒక లావుపాటి పిల్లాడు ఎలుగు పక్కన సుఖంగా చేరబడ్డాడు.

నక్క ముందు విస్తరి ఖాళీగా ఉంది. యాకమ్మ పోలెల గిన్నె ఒళ్లో పెట్టుకుని, మూత తియ్యకుండా కూర్చున్నది.

కీర్తన చాలాసేపు ఆ ఖాళీ విస్తరిని చూసింది. తర్వాత వచ్చి యాకమ్మ కొంగు లాగింది. "అవ్వా, జిత్తయ్యకు?"

"నువ్వు పిలువలేదు గద బిడ్డా. పిలిచేది ఇంటోళ్లు. నేను ఉత్త వడ్డించేదాన్ని."

పిల్ల నక్క దగ్గరికి నడిచింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, కోపం ఇంకా పూర్తిగా పోని గొంతుతో అన్నది. "జిత్తయ్య మామా, తినిపో. వేషం ఎయ్యకు."

యాకమ్మ మూత తీసింది. పోలె మీద నెయ్యి జారింది. నక్క ఎట్లాగూ తినడు కాబట్టి అతని తరఫున కీర్తన తిన్నది. అతని తరఫున మిగతా పిల్లలూ తిన్నారు, వాళ్ల తల్లులూ తిన్నారు. పోలెలు ఎక్కువ చేసినా సరిపోలేదు. మహేందర్ చివరి ముక్క కోసం ఆరేళ్ల పిల్లాడితో కొట్లాడి ఓడిపోయాడు. కేకులను మాత్రం ఎవరూ ముట్టలేదు. ఐదు తలకాయలూ వారం రోజులు సంధ్య ఫ్రిజ్‌లో ఉండి, తలుపు తీసిన ప్రతివాళ్లనూ చూశాయి.

సోమవారం పొద్దున ఎల్లస్వామి కడాయిని పొయ్యి మీంచి దింపాడు. దింపి, పెరట్లోకి తీసుకెళ్లకుండా వసారాలో నిలబెట్టి దాని మీద గోనెసంచి కప్పాడు. మాట ప్రకారం ఇచ్చెయ్యవా అని తల్లి అడిగింది. మహేందర్ ఇంటి పని నీకు వచ్చింది కదా, డబ్బులిచ్చారా లేదా అన్నది మన మాటలో లేదు అని అతను చెప్పాడు. ఆమెకు ఆ తర్కం నచ్చింది. పదకొండు గంటలకు మహేందరే వచ్చాడు. షోరూంలో తనతో పనిచేసే భూపాలపల్లి అతని ఇంట్లో తొట్టెల పండుగ ఉందట, చుట్టాల్లో నలుగురు అప్పుడే అలిగి ఉన్నారట, పెద్దమ్మను ముందుగా వచ్చి వాళ్లను చూడమంటున్నారట. యాకమ్మ ఆ నలుగురి నడక ఎట్లా ఉంటుందని అడగడం మొదలుపెట్టింది.

ఇదంతా కాగితం మీద పెట్టి మనవరాలు వసారాలో చదివి వినిపించింది. యాకమ్మ నువ్వులు చెరుగుతూ విన్నది, ఎక్కడా నవ్వలేదు. అచ్చయితే నీ పేరు మూడు జిల్లాలకూ తెలుస్తుంది, ఏమంటావని మనవరాలు అడిగింది.

"పేరుతోని పాకం పట్టది. లేచి బెల్లం దంచు."